ప్రమాదం లేని ఐదేళ్ళు

ఐదేళ్ళు ప్రమాదం లేకుండా పనిచేసినందుకు
మౌంట్ ఐజా గని వాళ్ళు ఒక కూపన్ ఇచ్చారు:
సగం రోజు, అడవి, జలపాతాలు, ఈత,
చివర్లో ఒక శాండ్‌విచ్.
చెవులు పోవడం ప్రమాదం కింద రాదట.
మెల్లగా జరిగింది కదా మరి.

మలాండాలో తెల్లారుతూనే వ్యాను ఎక్కాం, ఏడుగురం.
దారి చూపే పిల్ల పేరు టెగన్.
మోకాళ్ళ మీద పాత గాట్లు,
జేబులో ఉప్పు పొట్లం, జలగల కోసం.
జలపాతం పేరు రెండుసార్లు చెప్పింది.
రెండుసార్లూ తలూపాను.
ఇప్పటికీ నాకు తెలీదు దాని పేరు.

ఎర్ర దుమ్ముకి అలవాటుపడ్డ కాళ్ళు నావి.
ఇక్కడ నేలంతా పిండని తడిగుడ్డ.
ఒక ఆకు దగ్గర టెగన్ చెయ్యి అడ్డం పెట్టింది:
గుండె ఆకారం, లేత నూగు, పసిపిల్ల చెంపలా.
ముట్టుకుంటే నెలల తరబడి మంటట.
మరి అంత ముద్దుగా ఎందుకుండాలో.

కాసోవరీ పక్షి వేసిన రెట్ట, నిండా నీలి కాయలు,
దాని చుట్టూ తిప్పి నడిపించింది మమ్మల్ని
వాకిట్లో ముగ్గు తొక్కనీయనట్టు.

ఒక ముళ్ళ తీగ నా చొక్కా పట్టుకుంది.
లాగేకొద్దీ దిగుతుంది.
దీన్నిక్కడ ‘కాసేపాగు’ అంటారట.
ఒకడుగు వెనక్కి వేస్తేనే వదులుతుంది.
బెరిల్ అనే టాస్మానియా ముసలావిడ
నా భుజం దగ్గర నిలబడి
చేపలోంచి తీసినట్టు తీసింది, ఒక్కో ముల్లూ.

ఉన్నట్టుండి అందరి నడకా మారింది.
అప్పుడు తెలిసింది, వాళ్ళకి నీళ్ళు వినబడ్డాయని.
నా చెవి మిషన్లలో మాత్రం
స్టేషను దొరకని రేడియో గరగర.

మలుపు తిరిగితే, నల్లరాయి.
బసాల్ట్ అని అరచేతికి ముందు తెలిసింది.
ముప్పై ఏళ్ళు ఏ రాయిని చూసినా
బెజ్జం ఎక్కడ వెయ్యాలా అనే చూశాను.
ఈ నీళ్ళు ఎప్పట్నుంచి వేస్తున్నాయో
ఆ ఒక్క బెజ్జం.
షిఫ్టు లేదు, సైరను లేదు.

మిషన్లు తీసి డబ్బాలో పెట్టి టెగన్‌కిచ్చాను.
రెండు శనగ్గింజలంత ఉంటాయి.
చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టింది.
ఏదో అడిగింది. పెదాలు చూసి ఏదో చెప్పాను.
అంతే, మాట మానేసి చేతులతో మొదలుపెట్టింది:
అక్కడ లోతు. ఇక్కడ జారుడు. ఆ దుంగ దాటొద్దు.
గని లోపల మేమూ అలాగే మాట్లాడుకుంటాం.

నేను ఈత నేర్చింది చీమకుర్తిలో,
వదిలేసిన గ్రానైట్ గుంట పచ్చనీళ్ళలో.
ఈ నీళ్ళు అంతకంటే చల్లన,
పళ్ళు టకటకా కొట్టుకున్నాయనుకుంటా,
దవడ చెప్పింది.
ధార కిందికి వెళ్ళి వీపు ఆనించాను.

చెవులకి ఏమీ లేదు.
వెన్నుపూసలు ఒక్కొక్కటే వింటున్నాయి,
తర్వాత డొక్కలు, తర్వాత పుర్రె.
పందొమ్మిదేళ్ళప్పుడు డ్రిల్లు పట్టిన మొదటిరోజు
ఇలాగే వణికాను.
ఆ రాత్రి ముద్ద నోటికి చేరేలోపు
సగం మెతుకులు కంచంలోనే రాలాయి,
అమ్మ చూడనట్టు చారు పోసింది.

అరిచాను.
ఎంత గట్టిగానో నాకు తెలీదు.
ఒడ్డున స్విస్ జంట గబుక్కున తిరిగింది.
బెరిల్ కూడా నోరు బార్లా తెరిచింది,
అరిచిందో, నవ్విందో.

టెగన్ వేలితో లెక్కపెట్టింది, పెదాలు కదుపుతూ.
ఏడు.
డబ్బా చేతికిచ్చింది గానీ
తల ఆరేదాకా తెరవలేదు నేను.
పెట్టుకున్నాక మొదట వినబడింది
శాండ్‌విచ్ చుట్టిన కాగితం.

వ్యానులో మేజోడు తీస్తే రక్తం.
జలగ ఎప్పుడు పట్టిందో, ఎప్పుడు వదిలిందో.
అందరికీ ఒక కాగితం పంచారు,
‘గాయాలు ఏమైనా?’ అని అందులో ఒక గడి.
‘జలగ’ అని రాశాను.
గడిలో ఇంకా చోటుంది.
పెన్ను మూత పెట్టకుండా కూర్చున్నాను
మలాండా వచ్చేదాకా.